పలుగురాతి పొడి

పెద్ద తోడికోడలిని మిల్లులో అందరూ రేడియో అనేవాళ్ళు. చాటుగా కాదు, మొహం మీదే అనేవాళ్ళు. ఆవిడ ఏమీ అనుకునేది కాదు. "రేడియోకైనా బ్యాటరీలు మార్చాలి, నాకు ఆ ఖర్చు కూడా లేదు" అని నవ్వేది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. రాళ్ళను పిండిచేసే పెద్ద ఇనప పీపా గరగరా తిరుగుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడని ఆ షెడ్డులో, ఈవిడ మాట మాత్రం ఈ మూల నుంచి ఆ మూలకి వినపడేది.

చిన్న తోడికోడలిది అందుకు పూర్తిగా ఎదురు. నాలుగు అడిగితే ఒకటి చెప్పే మనిషి. అత్తగారు పోయి పదేళ్ళు దాటినా వీధిలో అందరికీ ఆమె ఇంకా చిన్నకోడలే.

ఇద్దరు తోడికోడళ్ళకి ఒక వంటిల్లు చాలదంటారు. వీళ్ళకి వంటిల్లూ ఒకటే, పనిచేసే గదీ ఒకటే, చివరికి సబ్బుబిళ్ళ కూడా ఒకటే. "కొట్టుకోవాలంటే తీరిక దొరకాలి కదమ్మా, వచ్చే ఆదివారం చూసుకుంటాం" అనేది రేడియో. ఆ ఆదివారం ఎప్పుడూ రాలేదు. చిన్నకోడలి భర్త లారీ మీంచి బస్తాతో సహా కిందపడి నడుం విరగ్గొట్టుకున్న ఏడాది, పొయ్యి వెలగని రోజులు కొన్ని గడిచాయి. అప్పుడు రేడియోనే వచ్చి, గడప మీద కూర్చుని కాళ్ళు చూసుకుంటున్న తోడికోడలిని రెక్క పట్టుకుని లేవదీసింది. "ఏడవడానికి జీతం ఇవ్వరే. పద, నేను బస్తా పడతాను, నువ్వు మూతి కుట్టు" అంది. అది జరిగి పదకొండేళ్ళు.

మిల్లు పని వినడానికి చాలా చిన్నది. లారీల్లో పలుగురాళ్ళు వస్తాయి. తెల్లగా, అక్కడక్కడ లేత గులాబి చారలతో చూడముచ్చటగా ఉంటాయి. క్రషరు వాటిని శనగగింజలంత చేస్తుంది, పీపా పిండి చేస్తుంది. పిండి గొట్టంలోంచి బస్తాలోకి పడుతుంది. రేడియో ఖాళీ బస్తాని గొట్టం మూతికి తొడిగి పట్టుకునేది. నిండగానే రెండుసార్లు నేలకి తాటించి, మోకాలితో తూకం మీదకి జరిపేది. అక్కణ్ణించి చిన్నకోడలు దాన్ని లాక్కుని, పైనుంచి వేలాడే కుట్టుమిషనుతో మూతి కుట్టేది. బస్తా నేలకి తగిలిన ప్రతిసారీ తెల్లటి పొడి భుస్సుమని మొహాల మీదకి లేచేది. గాలికి పిండి పోతుందని కిటికీలు మూసే ఉంచేవాళ్ళు. చెమ్మ తగిలితే గడ్డకడుతుందని నీళ్ళు చల్లనిచ్చేవాళ్ళు కాదు. ముక్కుకి గుడ్డ కట్టుకునేవాళ్ళు, గుడ్డ తడిసి బురదయ్యేది, తీసేసేవాళ్ళు.

సాయంత్రానికి ఇద్దరి కనుబొమలూ రెప్పలూ తెల్లబడిపోయేవి. "చూశావా, పొద్దున పడుచుపిల్లల్లా వచ్చాం, సాయంత్రానికి ముసలమ్మలమైపోయాం. ఇంత తొందరగా మన ఆయుష్షు గడిపేసే మిల్లు ఇంకెక్కడైనా ఉందా" అనేది రేడియో. అందరూ నవ్వేవాళ్ళు.

సూపర్‌వైజరు నడుముకి ఎప్పుడూ పెద్ద తాళాలగుత్తి వేలాడేది. అందుకని ఆయన తాళాలాయన. కొత్తవాళ్ళు ఎవరైనా పొడి చూసి ముక్కు మూసుకుంటే ఆయనకి నవ్వొచ్చేది. "ఇదేమన్నా విషమా? భూమ్మీద ఎక్కడ తవ్వినా ఇదే. ఇసకంటే ఏంటి, ఇదే. గాజంటే ఏంటి, ఇదే. మీ ఇంట్లో గ్లాసు, మీ కిటికీ అద్దం, మీ గచ్చు మీద పలక, అన్నిట్లోనూ ఇదే. ఇసకలో పొర్లాడి ఏ పిల్లాడైనా చచ్చాడా?" అనేవాడు. ఆయన అబద్ధం చెప్పాడనలేం. ఆయనకీ అంతే తెలుసు.

రేడియో భర్త అదే మిల్లులో క్రషరు దగ్గర పద్నాలుగేళ్ళు చేసి, నలభై నాలుగో ఏట దగ్గి దగ్గి పోయాడు. టీబీ అన్నారు. ఆ తర్వాత ఆరేళ్ళకి రేడియోకి దగ్గు పట్టుకుంది.

వానల్లో వచ్చిన దగ్గు వానలతో పోలేదు. ఆస్పత్రిలో కళ్ళె పరీక్ష చేస్తే ఏమీ లేదన్నారు, రెండోసారీ లేదన్నారు, అయినా "మీ ఆయనకి ఉంది కదా" అని టీబీ మాత్రలే రాసిచ్చారు. ఎనిమిది నెలలు మింగింది. మాత్రలకి ఒంటిమీది కండంతా కరిగింది గాని దగ్గు చెక్కుచెదరలేదు. చిన్నకోడలు ముందు గమనించింది దగ్గుని కాదు, మాటని. అక్క మాటలు పొట్టివైపోతున్నాయి. ఇదివరకు ఊపిరి తీసుకోకుండా ఒక పెళ్ళి ముచ్చటంతా చెప్పగల మనిషి, ఇప్పుడు సగంలో ఆగి, చెయ్యి అడ్డంపెట్టి, "ఉండవే" అంటోంది. తర్వాత ఆ మిగిలిన సగం చెప్పడం మానేసింది. బస్తా తాటించడం చేతకాక రెండుసార్లు గొట్టం దగ్గరే కూలబడింది. మూడోసారి తాళాలాయన వచ్చి, "ఒంట్లో బాగయ్యాక రామ్మా" అన్నాడు. అంతే, మళ్ళీ గేటు లోపలికి రానివ్వలేదు.

రేడియో కూతురికి పంతొమ్మిదేళ్ళు. పట్టుబట్టి తల్లిని నగరంలో పెద్దాస్పత్రికి తీసుకెళ్ళింది. తోడు చిన్నకోడలూ వెళ్ళింది. అక్కడొక డాక్టరమ్మ, ఇంకా ముప్పై నిండినట్టు లేదు, ఎక్స్‌రే ఫిల్ము చూడ్డానికి ముందు ఇన్నాళ్ళూ ఎవరూ అడగని మాట అడిగింది.

"ఏం పని చేస్తారమ్మా?"

"బస్తాలు... పడతానమ్మా."

"బస్తాల్లో ఏముంటుంది?"

"రాతిపొడి. పలుగురాయి."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఫిల్ముని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టింది. రెండు ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు. పైభాగంలో ఆ చుక్కలు కలిసిపోయి ముద్దలయ్యాయి.

"ఇది టీబీ కాదు. పొడి. ఇసక కూడా ఇదేనమ్మా, రోజూ తొక్కుకుంటూ తిరుగుతాం, ఏమీ కాదు. ఇసక రేణువు పెద్దది, ముక్కే ఆపేస్తుంది. మీరు దాన్ని పిండికంటే మెత్తగా నూరారు. అంత మెత్తటిది ఊపిరితిత్తుల అడుగుదాకా దిగిపోతుంది. దిగింది కరగదు, బయటికి రాదు. దాని చుట్టూ మచ్చ కడుతుంది. మచ్చలు పెరిగేకొద్దీ గాలికి చోటుండదు."

"ఆపరేషను చేసి తీసెయ్యలేరాండీ?" అంది కూతురు.

"తియ్యడానికి అది ఒక్కచోట లేదమ్మా."

"మందు?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. అప్పుడు రేడియో, ఊపిరి కూడదీసుకుని, మూడు ముక్కలుగా ఒక మాట అడిగింది. "అయితే మా ఆయనకి కూడా... టీబీ... కాదా?"

డాక్టరమ్మ బల్ల వైపు చూసింది. "చూడకుండా చెప్పలేను. అయ్యుండచ్చు."

"ఆయన గ్లాసు నేను... వేరే పెట్టానమ్మా. పిల్లకి అంటుకుంటుందని... దగ్గరికి రానివ్వలేదు. పిల్లని ముట్టుకోకుండానే... పోయాడు."

ఆ మాటకి కూతురు మొహం గోడ వైపు తిప్పుకుంది. చిన్నకోడలు అక్క చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో ఎముకలు తప్ప ఏమీ తగల్లేదు.

ఆ డాక్టరమ్మ మంచిది. మందు లేదని చేతులు దులుపుకోలేదు. గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషను ఒకటుంటుందని, ఇంట్లో పెట్టుకోవచ్చని, దానితో గుండె మీద భారం తగ్గుతుందని, తిన్నగా పడుకుని నిద్రపోవచ్చని చెప్పింది. కార్మికుల ఆస్పత్రివాళ్ళు ఊరికే ఇస్తారు, అయితే దుమ్ములో పనిచేసినట్టు రుజువు కావాలి. తను కాగితం రాస్తే ఇన్‌స్పెక్టరు మిల్లుకి వచ్చి విచారిస్తాడు. "మీతో కలిసి పనిచేసినవాళ్ళు ఒక్కరు చెప్పినా చాలు" అంది.

రేడియో పక్కకి తిరిగి తోడికోడల్ని చూసి నవ్వింది. ఎన్నో నెలల తర్వాత నవ్వింది. "ఒక్కరా... పదకొండేళ్ళు... నా పక్కనే ఉందమ్మా, ఇదిగో."

ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని మిల్లుకి నాలుగు రోజుల ముందే తెలిసింది. ఎలా తెలిసిందో ఎవరూ అడగలేదు. పీపా ఆపేశారు. నేలలు కడిగారు, గోడలు కడిగారు, కిటికీలు బార్లా తెరిచారు. గొట్టం మూతి దగ్గర నీళ్ళు చిమ్మే సన్నటి పైపు ఒకటి బిగించారు. అందరికీ కొత్త మాస్కులు పంచారు. మూతులకి చిలకముక్కులు తగిలించినట్టున్నాయని ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. చిన్నకోడలికి నవ్వు రాలేదు.

యజమాని ఎప్పుడూ గొంతు పెంచడు. ఆ రోజు కూడా పెంచలేదు. అందరినీ ఆరుబయట నిలబెట్టి, "నాకు రెండు మిల్లులున్నాయమ్మా. ఇది మూసేస్తే నాకొకటి మిగుల్తుంది. మీకేం మిగుల్తుందో మీరే ఆలోచించుకోండి" అని కారెక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత తాళాలాయన చిన్నకోడల్ని పక్కకి పిలిచాడు. ఆయన గొంతులో బెదిరింపు లేదు, బతిమాలినట్టే ఉంది.

"చూడమ్మా, మీ తోడికోడలి పేరు మన పుస్తకంలో లేదు. ఎవరి పేరూ లేదనుకో. నువ్వు ఆమెని ఎరగనని చెప్పక్కర్లేదు. వచ్చేది, అప్పుడప్పుడు బయట ఊడ్చేది, పొడి దగ్గరికి రాలేదు, అంతే. అందులో అబద్ధం ఎంతుంది? బయట ఊడ్చిన రోజులు లేవా?"

"ఉన్నాయి" అంది చిన్నకోడలు.

"మరి? ఇక్కడ నలభై పొయ్యిలున్నాయమ్మా. మీ ఆయన నడుం సంగతి నాకు తెలీదా? ఆమె ఎటూ పోయే మనిషి. మిషనొచ్చినా పోతుంది, రాకపోయినా పోతుంది. ఉన్నవాళ్ళ సంగతి చూడు."

చిన్నకోడలు ఇంటికెళ్ళి భర్తకి చెప్పింది. ఆయన గుమ్మం దగ్గర కూర్చుని విరిగిన గొడుగు ఒకటి బాగుచేస్తున్నాడు. లారీ మీంచి పడ్డాక ఆయన చెయ్యగలిగింది అదొక్కటే, అదీ వానలున్న నెలల్లోనే. చువ్వకి తీగ చుట్టడం పూర్తిచేశాడు.

"వదిన నన్ను ఆస్పత్రికి వీపు మీద మోసుకెళ్ళింది" అన్నాడు చివరికి.

"తెలుసు."

"నీ ఇష్టం" అన్నాడు. అని, పక్క గదిలో పాఠాలు బిగ్గరగా చదువుతున్న ఇద్దరు పిల్లల వైపు చూశాడు. ఆ చూపు ఆయన చూడకపోయి ఉంటే బాగుండేదని చిన్నకోడలు తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నడివయసు మనిషి, చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది, కళ్ళజోడు మాటిమాటికీ తుడుచుకుంటున్నాడు. ఆఫీసు గదిలో కూర్చుని ఒక్కొక్కరినే పిలిచాడు. తలుపు తీసే ఉంది. తలుపవతల తాళాలగుత్తి చప్పుడు వినపడుతూనే ఉంది.

"ఈమె మీకు తెలుసా?" ఫొటో చూపించాడు.

"తెలుసండి. మా తోడికోడలు."

"ఇక్కడ పనిచేసిందా?"

"అప్పుడప్పుడు వచ్చేదండి."

"ఏం పని?"

"బయట ఊడ్చేదండి."

"పొడి నింపేచోట?"

"లేదండి."

ఇన్‌స్పెక్టరు రాయడం ఆపి తలెత్తాడు. "చూడండమ్మా, నేను ఇంకోసారి అడుగుతాను. తొందరేం లేదు. బస్తాలు నింపేచోట ఆమె పనిచేసిందా?"

ఆ ఒక్క క్షణం తలుపవతల తాళాల చప్పుడు ఆగింది. మనిషి అన్నవాడు ఇంతకంటే తేటగా దారి చూపించలేడు. చిన్నకోడలికి అది అప్పుడే అర్థమైంది కూడా. అయినా నోరు తనది కానట్టు అదే మాట మళ్ళీ అంది.

"లేదండి."

"మీరేం చేస్తారు?"

"మూతులు కుడతానండి."

"దుమ్ముంటుందా?"

"ఉండదండి. నీళ్ళు చల్లుతారు. మాస్కులిస్తారు."

ఆయన రాసింది చదివి వినిపించి, సంతకం పెట్టమన్నాడు. ఆమె పెట్టింది.

ఇంటికొచ్చేసరికి రేడియో మంచం మీద మూడు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి కూర్చునే నిద్రపోతోంది ఆ మధ్య. గేటు చప్పుడుకి కళ్ళు తెరిచింది.

"చెప్పావా?"

"చెప్పాను" అంది చిన్నకోడలు.

"ఏమన్నాడు?"

"రాసుకున్నాడు."

"అమ్మయ్య" అంది రేడియో, దిండు మీదకి వాలుతూ. "నువ్వు నోరు తెరవవేమోనని... భయపడ్డానే. నీ మాట నీకే... వినపడదు కదా."

అక్కడి నుంచి ఎదురుచూపు మొదలైంది. చిన్నకోడలి బతుకులో అన్నిటికంటే పాడు రోజులు అవి. వీధిలో ఏ బండి ఆగినా రేడియో చూపుడువేలు ఎత్తేది. "మిషనొచ్చిందేమో... చూడవే." చిన్నకోడలు లేచి వెళ్ళేది, రాదని తెలిసి కూడా గుమ్మం దాకా వెళ్ళి, వీధి అటూ ఇటూ చూసి, వెనక్కొచ్చి చెప్పేది. "కాదక్కా, పాలబండి." "కాదక్కా, ఎవరిదో సామాను." ఆ మిషను మంచానికి ఎటువైపు పెట్టాలో రేడియో ముందే నిర్ణయించేసింది. కుడివైపు ట్రంకుపెట్టె జరిపించింది. ప్లగ్గు పాడైందని మరిదిచేత బాగు చేయించింది. ఆయన నేల మీద పాకుతూ వెళ్ళి, ప్లగ్గు బిగించి వచ్చాడు. భార్య వైపు చూడలేదు.

నిజం చెప్పేద్దామని చిన్నకోడలు ఎన్నోసార్లు మంచం దాకా వచ్చింది. రోజులో ఎప్పుడో ఒకప్పుడు నోటిచివరికి వచ్చేది. అప్పుడే అక్కకి దగ్గుతెర వచ్చేది, వీపు నిమరాల్సి వచ్చేది, నీళ్ళు పట్టాల్సి వచ్చేది. చెప్పకపోవడానికి అంతకంటే మంచి సాకు ఎవరికి దొరుకుతుంది? పొద్దున్నే మిల్లుకి వెళ్ళేది. నీళ్ళ పైపు ఇన్‌స్పెక్టరు వెళ్ళిన మర్నాడే విప్పేశారు, కిటికీలు మూసేశారు. రేడియో చోట ఇప్పుడు వేరే ఆవిడ బస్తా పడుతోంది. ఆవిడ మాట్లాడదు. పీపా చప్పుడొక్కటే ఉండేది.

అయిదో వారంలో మిషనుకి బదులు ఉత్తరం వచ్చింది.

ఆ రోజు ఆదివారం. ముందురోజు పోస్టుమాను పొరపాటున ఎదురింట్లో వేసి వెళ్ళిన కవరుని వాళ్ళు తెచ్చిచ్చారు. చిన్నకోడలు అక్క కాళ్ళకి నూనె రాస్తోంది. కాళ్ళు వాచి నిగనిగలాడుతున్నాయి, వేలుపెట్టి నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. కూతురు కవరు చింపి, మంచం పక్కన నిలబడే చదవడం మొదలుపెట్టింది. తల్లికి వినపడాలని గట్టిగానే చదివింది. మొదటి రెండు వాక్యాలూ ఆఫీసు భాష, తేదీలు, నంబర్లు. చిన్నకోడలి చెయ్యి ఆగిపోయింది. ఆపమని చెబుదామనుకునేలోపే ఆ పిల్ల కిందికి వచ్చేసింది.

"...పై కారణాల వల్ల, మరియు దరఖాస్తుదారు తోడికోడలు, సహకార్మికురాలు ఇచ్చిన వాంగ్మూలం ప్రకారం, దరఖాస్తుదారు దుమ్ము ఉన్న పనిలో ఏనాడూ..."

అక్కడ ఆ పిల్ల గొంతు సన్నబడింది. అయినా మిగతాది లోపల్లోపల చదువుకుంది. కాగితం మడిచింది. పిన్ని వైపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. కళ్ళెదుట ఉన్న మనిషి ఎవరో గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూసింది.

"పిన్నీ, నువ్వు చెప్పానన్నావు."

చిన్నకోడలు రేడియో మొహంలోకి చూసింది. రేడియో ఆమె వైపే చూస్తోంది. పెదాలు కొంచెం తెరుచుకుని ఉన్నాయి. ఏదో అంటుందని చిన్నకోడలు చూసింది. తిడితే బాగుండు. "ఇందుకేనే నిన్ను రెక్క పట్టుకుని తీసుకెళ్ళింది" అంటే బాగుండు. చెంప మీద కొడితే ఇంకా బాగుండు. రేడియో ఏమీ అనలేదు. మెల్లిగా, నూనె రాస్తున్న ఆ చేతుల్లోంచి కాళ్ళు వెనక్కి లాక్కుంది. అంతపని చేసినందుకే ఆయాసం వచ్చి కళ్ళు మూసుకుంది.

"అక్కా, పిల్లల కోసం..." అంది చిన్నకోడలు.

ఆ తర్వాత చెప్పగలిగింది ఏముంది?

రేడియో ఆ తర్వాత తొమ్మిది రోజులు బతికింది. ఆ తొమ్మిది రోజుల్లో కూతురితో "నీళ్ళు" అంది, "దిండు" అంది. ఎదురింటావిడ వస్తే "కూర్చో" అంది. ఒకరోజు మరిది నేల మీద కూర్చుని ఏడుస్తుంటే "ఊరుకో" అంది. చిన్నకోడలితో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె వస్తే మొహం తిప్పుకోనూ లేదు. ఆమె అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తింది, వీపు నిమిరితే నిమరనిచ్చింది. మాట మాత్రం లేదు. ఆ మనిషి దగ్గర మిగిలిన మాటలు పదో పదిహేనో ఉంటే, అందులో ఒకటి కూడా తనకి దక్కలేదు. ఊపిరి లేక మాట్లాడలేదో, మనసు లేక మాట్లాడలేదో చిన్నకోడలికి తెలీదు. అడిగే ధైర్యం లేకపోయింది. ఆ తెలీకపోవడమే ఆమెని ఇప్పటికీ లోపల్నించి తొలిచేస్తోంది.

పదో రోజు పొద్దున్న, ఎండ ఇంకా మంచం మీదకి రాకముందే, రేడియో పోయింది. కూర్చునే పోయింది. మూడు దిండ్లూ తీసేసి ఆవిడని తిన్నగా పడుకోబెట్టారు. అలా పడుకుని ఏడు నెలలైందని కూతురు అంది. ఎవరితోనూ కాదు, తనలో తనే అనుకున్నట్టు అంది.

వారం తిరిగాక చిన్నకోడలు మిల్లుకి సెలవు పెట్టి ఇన్‌స్పెక్టరు ఆఫీసు వెతుక్కుంటూ వెళ్ళింది. రెండో అంతస్తు. మెట్ల మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఆయన గుర్తుపట్టాడు. ఆమె నిలబడే చెప్పేసింది, ఒక్క గుక్కలో, తన జన్మలో ఎన్నడూ అన్ని మాటలు ఒకేసారి మాట్లాడి ఎరగదు. అక్క గొంతు తనలో దూరినట్టు మాట్లాడింది. గొట్టం, బస్తా, మూసిన కిటికీలు, విప్పేసిన పైపు, అన్నీ చెప్పింది.

ఆయన చివరిదాకా విన్నాడు. ఫైలు తెప్పించి విప్పాడు.

"నాకు ఆ రోజే తెలుసమ్మా" అన్నాడు. "కడిగిన నేల చూస్తే తెలీదా? కానీ నాకు తెలిస్తే సరిపోదు, ఎవరో ఒకరు చెప్పాలి. ముప్పై ఎనిమిది మందిని అడిగాను. రెండుసార్లు అడిగింది మిమ్మల్ని ఒక్కరినే."

"ఇప్పుడు చెప్తున్నానండి. మార్చి రాయండి."

"ఆవిడ పోయారు కదా. దరఖాస్తు ఆవిడతోనే పోయింది. వారసులు కావాలంటే కొత్తగా పెట్టుకోవాలి, పోస్టుమార్టం కాగితం అడుగుతారు. చేయించారా?"

లేదన్నట్టు తల ఊపింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఫైల్లో ఇంకో పేజీ తిప్పాడు. కాసేపు తటపటాయించి, గొంతు తగ్గించి అన్నాడు. "ఇంకో సంగతమ్మా. మీ గురించి కూడా మీరే రాయించారు. దుమ్ము లేదు, నీళ్ళు చల్లుతారు, మాస్కులిస్తారు. కింద మీ సంతకం ఉంది. రేపు మీకేదైనా వస్తే మిల్లువాళ్ళు ముందు చూపించేది ఈ కాగితమే." ఆగి, "మీరొకసారి ఎక్స్‌రే తీయించుకోండి" అన్నాడు.

ఆమె తీయించుకోలేదు. తీయించుకుని ఏం చెయ్యాలి? మందు లేదని డాక్టరమ్మ చెప్పినప్పుడు తనూ ఆ గదిలోనే ఉంది. కొత్తగా దరఖాస్తు పెడదామని అక్క కూతురిని అడిగింది. ఆ పిల్ల పొయ్యి మీంచి తలెత్తకుండానే, "అమ్మే లేదు, ఇక మిషనెందుకు?" అంది. పిన్ని అని కూడా పిలవలేదు. ఆ ఇంట్లో వంట అప్పటికీ ఒకచోటే అయ్యేది. ఆ పిల్ల వండి, పిన్ని కంచం కూడా పెట్టి, మూతేసి, తన గదిలోకి వెళ్ళిపోయేది. మాట లేకుండా పెట్టిన ఆ కంచం ముందు చిన్నకోడలు చాలా పూటలు ఊరికే కూర్చుని లేచింది.

ఇన్‌స్పెక్టరుని కలిసిన మర్నాడు మిల్లుకి వెళ్ళింది. వెళ్ళకేం చేస్తుంది? ఎనిమిది గంటలకి గేటు తీశారు, పీపా తిరగడం మొదలైంది, మొదటి బస్తా తూకం మీదకి వచ్చింది, ఆమె మూతి కుట్టింది. తాళాలాయన దగ్గరికొచ్చి, "మీ తోడికోడలు మంచి మనిషమ్మా" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు నిజమైనవే. ఆమె ఇంకో బస్తా లాక్కుంది.

నాలుగు నెలలకి అక్క కూతురికి దూరంగా వేరే పట్నంలో మందులు డబ్బాల్లో సర్దే పని దొరికింది, ఉండడానికి హాస్టలు కూడా ఉందట. ఆ సంగతి బాబాయికి చెప్పింది, ఆయన వచ్చి భార్యకి చెప్పాడు. వెళ్ళే రోజు పొద్దున చిన్నకోడలు అడక్కుండానే సంచీ ఒకటి భుజాన వేసుకుని వెంట నడిచింది. ఆ పిల్ల వద్దనలేదు. బస్టాండుకి పావుగంట నడక. తిన్నటి రోడ్డు. సగం దూరంలో చిన్నకోడలు సంచీ కింద పెట్టి, జోడు సరిచేసుకుంటున్నట్టు వంగింది. ఇంకొంచెం దూరం వెళ్ళి మళ్ళీ వంగింది. మూడోసారి ఆ పిల్ల ఆగింది. వెనక్కొచ్చి, నిలబడి, పిన్ని భుజాలు ఎలా ఎగసిపడుతున్నాయో చూసింది. తల్లిని ఏడాదిపాటు చూసిన కళ్ళు అవి, వాటికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"పిన్నీ" అంది. నాలుగు నెలల్లో అదే మొదటి మాట. "ఎప్పట్నించి?"

"ఏముంది, ఏమీ లేదు" అంది చిన్నకోడలు, ఊపిరి అందుకుంటూ. "మెట్లెక్కాను కదా, అందుకని."

అక్కడ మెట్లేమీ లేవు. ఆ పిల్ల సంచీ తన చేతిలోకి తీసుకుంది. బస్సు అప్పటికే వచ్చి నిలబడి ఉంది. ఎక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చుంది. అద్దం మూసి ఉంది. అద్దంలోంచి ఆ పిల్ల పెదాలు కదలడం చిన్నకోడలికి కనపడింది. ఏమందో వినపడలేదు. బస్సు కదిలింది.

పనికి అరగంట ఆలస్యమైపోయింది. ఆమె ఇంటికి వెళ్ళకుండా అటునుంచి అటే, ఆగుతూ ఆగుతూ, మిల్లు వైపు నడిచింది.